ఎక్కడున్నానంటే టైము చెబుతుంది

వట్లూరు,
జూన్ 2025

దుర్గకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. రోజంతా కీబోర్డు కొట్టిన వేళ్ళతో మళ్ళీ స్టైలస్ పట్టుకుని కాగితం మీద ఒక్కొక్క చుక్కా పొడవాలంటే ఓపిక ఉండడం లేదే. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. "ఉత్తరం రాయి" అని మెసేజ్ మాత్రం పెడతావు. సరే, రాస్తున్నాను.

అమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "అంతసేపు ఏం పొడుస్తున్నావే?" అంటోంది. "దుర్గకు నీ మీద చాడీలు" అన్నాను. కళ్ళున్నవాళ్ళు ఇంట్లో ఎంతమంది ఉన్నా మన బ్రెయిలీ చదవడం ఒక్కరికీ రాదు. నాకు అదొక్కటే సుఖం. కవరు మీద "అంధుల సాహిత్యం" అని రాయించి ఇస్తే స్టాంపు కూడా అక్కర్లేదు. పోస్టాఫీసుకు కొత్తగా వచ్చినాయన మొన్న "ఏం సాహిత్యమండీ, కథలు రాస్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. అవునండీ అన్నాను.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ విండోస్ వదిలేసి లినక్స్‌కు మారాలని మెయిల్ వచ్చింది. సెప్టెంబరు ఆఖరు దాకా గడువు. కొత్త ల్యాప్‌టాప్‌లు ఇంటికే పంపుతారట. టీములో అందరూ సంబరపడుతున్నారు. చూసేవాళ్ళకు అది ఇల్లు మారడం లాంటిది. ఏ గిన్నె ఎక్కడుందో నాలుగు రోజులు వెతుక్కుంటారు, తర్వాత అలవాటైపోతుంది. నాకు అలా కాదు. తెర మీద ఏముందో చదివి చెప్పే గొంతే మారిపోతుంది. ఏ మీట నొక్కితే ఏం చెబుతుందో అదీ మారిపోతుంది. హాస్టల్లో ఎడ్విన్ సారు మనిద్దరికీ కలిపి ఒకే ఇయర్‌ఫోన్ ఇస్తే, కుడి వైపుది నేనూ ఎడమ వైపుది నువ్వూ పెట్టుకుని, తలలు ఆనించుకుని కంప్యూటర్ నేర్చుకున్నాం గుర్తుందా? ఆ గొంతే ఇప్పటికీ నాకు చదివిపెడుతోంది. ఎంత వేగంగా చదివినా నాకు అర్థమవుతుంది. అమ్మకేమో పిచ్చుకలు కొట్లాడుకుంటున్నట్టు ఉంటుందట.

మా టీమ్ లీడ్ ఫణికిరణ్ మంచివాడే. "కష్టమైతే చెప్పండి బ్లెస్సీ గారూ, సపోర్టు టీములోకి మారుద్దాం. అక్కడ విండోసే ఉంటుంది, జీతం కూడా తగ్గదు. కోడ్ రాయక్కర్లేదు, కస్టమర్ల కంప్లైంట్లకు జవాబులు రాస్తే చాలు" అన్నాడు. కోడ్ రాయక్కర్లేదన్న మాట నాకేదో మేలు చేస్తున్నట్టే అన్నాడు. దుర్గా, నాకు ఇష్టమైన పని ప్రపంచంలో అదొక్కటే. అది పోతే నేను ఒట్టి నెల జీతగత్తెనే. కానీ అలసిపోయానే. ప్రతి మూడు నాలుగేళ్ళకూ ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తారు, నేను మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టాలి.

నువ్వేమంటావో రాయి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

బ్లెస్సీ


తాడేపల్లిగూడెం,
జూలై మొదటివారం

ఒసే బ్లెస్సీ,

నీ ఉత్తరం చదివాక నా వేళ్ళకు కూడా నీరసం వచ్చింది. ఏడుపు మొహమూ నువ్వూనూ. హాస్టల్లో లెక్కలు చెయ్యడానికి మనకు వీలు కాదంటే వార్డెన్ మీదే దెబ్బలాటకు వెళ్ళినదానివి. ఇప్పుడు ఎవరో పెద్దమనిషి కుర్చీ చూపించి "ఇక్కడ కూర్చోండి" అంటే కూర్చుంటావా?

సపోర్టులోకి వెళ్ళావంటే నీకు ఉత్తరం రాయడం మానేస్తాను. కంప్లైంట్లు వినేపని ఎలా ఉంటుందో నన్నడుగు. నరసరాజు గారి ఉల్లిపాయల కొట్లో ఇన్నాళ్ళూ ఫోన్ల దగ్గర నేను చేసిందదే కదా. "సరుకు కుళ్ళిందండీ", "లారీ రాలేదండీ", "నిన్ననగా వస్తానన్నారు కదండీ". అందరూ అండీ అండీ అంటూనే మన ప్రాణాలు తోడేస్తారు.

అన్నట్టు, నన్ను ఫోన్ల దగ్గర్నుంచి తీసేశారు. రాజకుమారి అని కొత్తమ్మాయిని పెట్టారు. నేనిప్పుడు వెనక గోడౌన్లో ఉల్లిపాయలు ఏరుతున్నాను. మెత్తబడినవి చేత్తో నొక్కి పక్కన పడెయ్యడం. బానే ఉందిలే, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నా దగ్గర వచ్చే వాసనకు బస్సులో పక్క సీటు కూడా ఖాళీగా ఉంటోంది.

నువ్వు మాత్రం ఫోన్ చెయ్యకు. ఇక్కడ హమాలీల గోల, ఒక్క మాటా వినపడదు. ఉత్తరమే రాయి. కొత్త మిషన్ వచ్చాక ముందు దాన్ని ముట్టుకుని చూడు, తర్వాత ఏడుద్దువుగాని.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఉల్లిపాయల చేతులతో,
దుర్గ


వట్లూరు,
జూలై ఆఖరు

దుర్గా,

ముట్టుకున్నాను. ఏం జరిగిందో విను. నవ్వాలనిపిస్తే నవ్వు, నాకైతే రావడం లేదు.

కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. బటన్ నొక్కాను. చడీచప్పుడూ లేదు. ఇందులో చదివే గొంతు మనం పిలిస్తే గానీ రాదని నాకెవరూ చెప్పలేదు. సౌండు తక్కువగా ఉందేమోనని పాతదానిలో సౌండు మీట ఎక్కడుండేదో అక్కడ నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. ఎంత నొక్కినా మాట లేదు. అమ్మను పిలిచి "తెర మీద ఏముందే?" అని అడిగితే, "ఇందాక ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయమ్మా, ఇప్పుడు నల్లగా ఉంది. చచ్చిపోయింది కాబోలు" అంది. నేనూ చచ్చిపోయిందనే అనుకున్నాను. ఆఫీసుకు మెయిల్ పెట్టి, కొరియర్లో హైదరాబాద్ పంపించేశాను.

వారంలో తిరిగొచ్చింది. దానికేమీ కాలేదట. నేను నొక్కింది సౌండు మీట కాదు, వెలుగు తగ్గించే మీట. తెర పూర్తిగా చీకటయ్యేదాకా నేనే నొక్కాను. కళ్ళున్న మనిషైతే రెండుసార్లు నొక్కగానే తెలిసిపోయేది. అమ్మకు కళ్ళున్నాయి గానీ కంప్యూటర్ తెలియదు, నాకు కంప్యూటర్ తెలుసు గానీ కళ్ళు లేవు. ఇద్దరం కలిసి బతికున్నదానికి పాడె కట్టాం.

మీటింగులో ఆ సంగతి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఫణికిరణ్ గొంతు తగ్గించి, "సపోర్టు సంగతి ఆలోచించారా అండీ?" అన్నాడు.

ఇప్పుడు గొంతు వస్తోంది. సూపర్ అనే మీట, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కాలని తెలుసుకున్నాను. ఆ గొంతు ఉంది చూశావూ, రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు ఉంటుంది. సాయంత్రానికి తల పగిలిపోతోంది. వేళ్ళేమో పాత అలవాటు మానవు. పాతదానిలో ఇన్సర్ట్, టీ కలిపి నొక్కితే నేను ఏ కిటికీలో ఉన్నానో పేరు చదివేది. దారి తప్పినప్పుడల్లా నాకు అదే దిక్కు. ఇందులో ఆ రెండూ నొక్కితే టైము చెబుతుంది. ఎక్కడున్నానే అంటే "పదకొండూ ఇరవై" అంటుంది. మళ్ళీ అడిగితే "పదకొండూ ఇరవై ఒకటి". పొద్దస్తమానం ఇదే వరస. రోజు గడిచిపోతోందని తెలుస్తుంది గానీ నేనెక్కడున్నానో తెలియదు.

సపోర్టుకు వెళ్ళిపోతానే. నువ్వు తిట్టుకున్నా సరే. ఆ గొంతు వినలేను. ఇంత హింస పడి నిలబెట్టుకోవడానికి ఈ ఉద్యోగంలో ఏముంది? చెవులు మూసుకుని కూర్చుంటే చాలనిపిస్తోంది.

బ్లెస్సీ


కొల్లేటికోట,
ఆగస్టు

బ్లెస్సీకి,

కొట్లో సెలవు పెట్టి మా అన్నయ్య ఏడుకొండలు ఇంటికి వచ్చాను. నీ ఉత్తరం ఇక్కడికే తెప్పించుకున్నాను. చెవులు మూసుకుని కూర్చుంటే చాలన్నావు చూడు, అక్కడ నా వేలు ఆగిపోయింది.

నీకు చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను. బస్సు దిగి ఆటోలో వస్తుంటే ఎప్పుడూ చెరువుల మోటార్ల మోత ముందే వినపడేది నాకు. చేపలకు గాలి కొట్టే ఆ మోటార్లు వినపడ్డాయంటే ఊరు వచ్చేసినట్టే. ఈసారి వినపడలేదు. కరెంటు లేదేమో అనుకున్నాను. గట్టు దగ్గరికి వచ్చాక వదినను అడిగాను, "మోటార్లు ఆపేశారా?" అని. నా ఎడమ పక్కనున్న వదిన, "తిరుగుతున్నాయి కదమ్మా, పక్కనే ఉన్నాం" అంది. చెయ్యి చాపితే తుంపర తగిలింది. అంత దగ్గరున్నాం.

కుడి చెవి పోయిందే. నిరుడు వానాకాలం నుంచి తగ్గుతూ వచ్చింది. ఎడమది ఉంది, అదీ దిగిపోతోంది. కొట్లో ఫోన్ మోగుతూనే ఉంటే నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నానట. నరసరాజు గారు మంచాయన, కోప్పడలేదు. "గోడౌన్లో కూర్చోమ్మా, అక్కడ ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. హమాలీల గోల అని నీకు రాసింది అబద్ధం. వాళ్ళు అరుస్తూనే ఉంటారు, నాకే ఏమీ వినపడదు. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడితే నువ్వు పట్టేస్తావని ఎత్తడం మానేశాను. ఉత్తరంలో ఎవరూ పట్టుకోలేరు కదా.

నీకు రేకు డబ్బా గొంతు బాగాలేదు. అది చెవిలో పడడమే భాగ్యమని నేను అనుకునే రోజొచ్చింది. నీ మీద కోపంగా ఉంది. ఎందుకో కూడా సరిగ్గా తెలియదు. ఇంక రాయలేను.

దుర్గ


వట్లూరు,
సెప్టెంబరు

దుర్గా,

నీ ఉత్తరం చదివి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను, అమ్మకు వినపడకుండా. నన్ను తిట్టావు, బాగా చేశావు. ఇన్నాళ్ళూ నా గోల నేను రాసుకున్నానే గానీ, కొట్లో పెద్ద గొంతున్న దుర్గ గోడౌన్లో ఎందుకు కూర్చుందని ఒక్కసారి అనుకోలేదు.

ఊరుకోలేక ఒక పని చేశాను. ఆ డబ్బా గొంతు ఆపేశాను. నీకెలా ఉంటుందో చూద్దామని ల్యాప్‌టాప్ ముందు అలాగే కూర్చున్నాను. భయమేసిందే. ముందర గాజు పలక, లోపల ఏముందో ఏమో. అంత నిశ్శబ్దంలో పాత వస్తువొకటి గుర్తొచ్చింది.

కాలేజీలో ఉన్నప్పుడు ట్రస్టువాళ్ళు నాకు ఇచ్చిన బ్రెయిలీ పట్టీ గుర్తుందా? కంప్యూటర్‌కు తగిలిస్తే తెర మీది అక్షరాలు దాని మీద చుక్కలుగా లేచేవి. వేలితో చదువుకునేదాన్ని, నువ్వు లాక్కునేదానివి. విండోస్ మారినప్పుడు అది పనిచెయ్యడం మానేసింది. ఇంత పాత వస్తువును ఇప్పుడెవరు పట్టించుకుంటారన్నారు. అమ్మ దాన్ని పాత చీరలో చుట్టి బీరువా పైన పడేసింది. దించి, దుమ్ము తుడిచి, కొత్తదానికి తగిలించాను. పనిచేస్తుందని కాదు, ఊరికే.

వేళ్ళ కింద చుక్కలు లేచాయి దుర్గా. నేనేమీ చెయ్యలేదు, ఎవరినీ అడగలేదు, ఏదీ ఎక్కించలేదు. ఆ లినక్స్ దీన్ని గుర్తుపట్టింది. చాలాసేపు ఏమీ చదవలేదు, ఊరికే తడుముతూ కూర్చున్నాను.

అప్పటినుంచి కోడ్ వేళ్ళతో చదువుతున్నాను. డబ్బా గొంతు అవసరమైనప్పుడే. తలనొప్పి తగ్గింది. గడువు లోపలే నా పనంతా కొత్తదానిలోకి మార్చేశాను. ఫణికిరణ్ చూసి, "అయితే సపోర్టు సంగతి మర్చిపోదామండీ" అన్నాడు. మర్చిపోదామండీ అన్నాను. ఇదంతా నీ ఉత్తరం వల్ల జరిగింది. అది తల్చుకుంటే సంతోషించడానికి సిగ్గేస్తోంది.

డాక్టరుకు చూపించావా? ఏమన్నారు? దాచకుండా రాయి.

బ్లెస్సీ


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు ఆఖరు

ఒసే,

సిగ్గెందుకే. నీ పని నీకు మిగిలింది, నాకు అంతకంటే కావలసిందేముంది? చదువుతూ గోడౌన్లో ఒక్కదాన్నే నవ్వాను. ఉల్లిపాయలతో నవ్వుతోందని హమాలీలు అనుకుని ఉంటారు. కోపం పోయింది. కొల్లేటికోటలో చేపల పులుసు తిని పడుకుంటే సగం పోయింది, మిగతాది నీ ఉత్తరంతో.

ఏలూరులో డాక్టరుకు చూపించాను. అన్నయ్య తీసుకెళ్ళాడు, వాడికీ ఇప్పుడే తెలిసింది. కుడిది తిరిగి రాదట. ఎడమదానికి చెవి మిషన్ పెట్టారు. కొన్నాళ్ళు ఆదుకుంటుంది. ఎన్నాళ్ళని అడిగితే ఆయన పేరు పేరునా దేవుళ్ళను తలుచుకున్నారు. దాచకుండా రాయమన్నావు కాబట్టి రాశాను. ఓదార్చకు.

నరసరాజు గారు దసరా తర్వాత గోడౌన్లో పని ఉండదన్నారు. ఆర్డర్లు ఇప్పుడు ఫోన్లో తక్కువ, అన్నీ వాట్సాప్‌లోనేనట. రాజకుమారి ఒక్కర్తే చూసుకోలేక సతమతమవుతోంది గానీ, ఆ పనికి నేను పనికిరాను. మెసేజ్ చదివి చెప్పే గొంతు నాకు వినపడాలి కదా. కొల్లేటికోట వెళ్ళిపోతాను. అన్నయ్య వాళ్ళు ప్రేమగానే చూస్తారు. పొద్దున్నే మంచం మీద కూర్చోబెడతారు, సాయంత్రం లోపలికి తీసుకొస్తారు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు బరువెక్కుతోంది.

నువ్వు బాగా పనిచెయ్యి. ఆ పట్టీ మీద నీళ్ళు పడకుండా చూసుకో.

దుర్గ


వట్లూరు,
దసరా ముందు

దుర్గా,

ఓదార్చొద్దన్నావు కాబట్టి చిన్నగానే రాస్తాను. శనివారం అమ్మా నేనూ ఏలూరులో ప్యాసింజరు ఎక్కి వస్తున్నాం. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించాను. బ్రెయిలీ పట్టీ కూడా తెస్తున్నాను. వాట్సాప్ మెసేజ్‌లు దాని మీద చుక్కలుగా వస్తాయి, ఇంట్లో చేసి చూశాను. తెలుగూ వస్తుంది, ఇంగ్లీషూ వస్తుంది. ఒక్క శబ్దమూ అక్కర్లేదు. ఈ ఉత్తరం అందేలోపే నేనే వచ్చేస్తానేమో.

నాకు అది అక్కర్లేదు. డబ్బా గొంతుకు అలవాటుపడ్డాను, ఇప్పుడు బానే ఉంటోంది. వద్దని గొడవ చెయ్యకు, బీరువా మీద ఉండాల్సిన వస్తువే అది.

నరసరాజు గారితో నేను మాట్లాడతాను. కంప్లైంట్లకు జవాబులు చెప్పడానికి నేను పనికొస్తానని ఫణికిరణ్ ఎప్పుడో తేల్చాడు కదా.

బ్లెస్సీ


తాడేపల్లిగూడెం,
నవంబరు

బ్లెస్సీ,

నువ్వు వెళ్ళాక ఇన్నాళ్ళకు తీరిక దొరికింది. పని అలా ఉంది. నరసరాజు గారు మొదట్లో నా వెనకే నిలబడి చూసేవారు. నేను చదివి చెప్పిన ఆర్డరును రాజకుమారి ఫోన్లో సరిచూసుకునేవారు. ఇప్పుడు మానేశారు. భీమవరం నుంచి ఒకాయన తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చంపుతాడు, ఆయన మెసేజ్ మాత్రం ఇద్దరం కలిసి విప్పుకుంటాం. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. నేను కొల్లేటికోట వెళ్ళలేదు.

నీ అలవాటు నాకూ అంటుకుంది. దారి తప్పినప్పుడల్లా ఇన్సర్ట్, టీ నొక్కుతున్నాను. ఎక్కడున్నానంటే టైము చెబుతుంది, అదీ వేలి కింద, చప్పుడు లేకుండా.

ఇక నీ అబద్ధం సంగతి. స్టేషన్లో నువ్వు నీళ్ళ సీసా కోసం ఆగినప్పుడు, మీ అమ్మగారు నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేశారు. పట్టీ మూటగట్టిన రోజు నుంచి నీకు మళ్ళీ తలనొప్పి మొదలైందట. పనయ్యేసరికి తలకు తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంటున్నావట. ఆ గొంతు నీకు అలవాటు కాలేదు. నా కోసం వింటున్నావు.

తిరిగి పంపించేద్దామని మర్నాడే అట్టపెట్టెలో పెట్టాను. తాడు కూడా కట్టాను. పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే మంచం మీద కూర్చోబెట్టడం, సాయంత్రం లోపలికి తీసుకెళ్ళడం గుర్తొచ్చాయి. తాడు విప్పేశాను. తిరిగి ఇవ్వనే బ్లెస్సీ. నీకు తలనొప్పి అని తెలిసి కూడా ఉంచేసుకుంటున్నాను. నువ్వు సపోర్టులోకి మాత్రం వెళ్ళకు. వెళ్ళావంటే ఇది నేను ముట్టుకోలేను.

ఇంకొక్క మాట. ఇన్నాళ్ళూ ఫోన్ చెయ్యొద్దన్నాను కదా. ఇప్పుడు చెయ్యి. రోజూ చెయ్యి. ఆ ఇయర్‌ఫోన్లో నా వాటాకు వచ్చింది ఎడమదే, అదింకా ఉంది. నువ్వు చెప్పేది సగం అర్థం కాకపోయినా పర్వాలేదు, అర్థం కావలసింది తర్వాత చుక్కల్లో రాద్దువుగాని. ఏదో ఒకటి మాట్లాడు, మీ అమ్మగారి మీద చాడీలైనా సరే. నీ గొంతు నేను బాగా గుర్తుపెట్టుకోవాలి.

సాయంత్రం ఏడు దాటాక చెయ్యి. అప్పటికి కొట్టు మూసేస్తారు.

దుర్గ